పాయమూతి చెలిమ

ఏటి ఇసుకలో తవ్వుకున్న చెలిమలో నీళ్ళు తొందరపెడితే రావు. ఒక బుర్రెడు తోడాక, ఇసుక అడుగు నుంచి మళ్ళీ బుర్రెడు ఊరేదాకా ఓపికగా కూర్చోవాలి. రామ్‌చందర్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గొంతుక్కూర్చుని, మోచేతి లోతు గుంతలోకి చూస్తూ అదే చేస్తున్నాడు. గుంత నిండగానే సొరబుర్రను వాటంగా వంచి, ఇసుక కదలకుండా ముంచి, డబ్బా మూతికి కట్టిన గుడ్డ మీద పోస్తున్నాడు.

శివరాత్రి వెళ్ళిన వారం. ఇప్పలేరు ఇక పేరుకే ఏరు. వానాకాలంలో కిన్నెరసానిని కలవాలని పరుగులు పెట్టేది, చలితోపాటే మూటాముల్లె సర్దుకుని ఇసుక కిందికి పోయింది. నీళ్ళు తగ్గేకొద్దీ చెలిమ కూడా జరుగుతూ పోవాలి. దీపావళికి బండల దగ్గరున్న చెలిమ ఇప్పుడు పాయమూతి దగ్గరికి వచ్చింది. పాయ అంటే ఏరు ఒకప్పుడు గుట్ట చుట్టూ తిరగకుండా అడ్డంగా పారిన దారి. అదంతా ఇప్పుడు సర్కారుతుమ్మ కమ్మేసింది. దాని మొదలెక్కడో ఎవరూ పట్టించుకోరు గానీ, అది మళ్ళీ ఏట్లో కలిసే మూతి దగ్గర చెమ్మ మాత్రం నడి ఎండాకాలం దాకా ఆరదు. వేసవిలో అక్కడి నీళ్ళే తియ్యగా ఉంటాయని రామ్‌చందర్‌కు చిన్నప్పుడే నేర్పింది అతని వదిన లాలి.

ఆ బుర్ర కూడా లాలిదే. పందిరి మీద ముదిరిన సొరకాయను పొగ మీద ఎండబెట్టి, గింజలు రాల్చి, పక్కకు నోరు కోసి చేసింది. ఏళ్ళు వాడిన మీదట తేనెరంగు దేరి నున్నబడింది. తండా ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. చెలిమ ఎండిపోయినా, అందులో ఏదైనా చచ్చిపడినా, పక్కన కర్ర పాతి దాని మీద బుర్రను బోర్లిస్తారు. బిందెలతో వచ్చేవాళ్ళు దూరం నుంచే అది చూసి మళ్ళిపోతారు. నోటితో చెప్పే పని ఉండదు.

డబ్బా నిండాక చేతులు వాసన చూసుకున్నాడు. మందు వాసన. పురుగుమందు ఖాళీ సీసాలు ఏరి మోసుకుపోవడం అతని ఉద్యోగంలో భాగం కాబట్టి, సబ్బు పెట్టినా బూడిద పెట్టినా ఆ వాసన చేతుల్ని వదలదు. అన్నం ముద్దతోపాటు నోటికి తగులుతుంది. ఈ మధ్య చెలిమ దగ్గర అది మరీ ఎక్కువగా ఉంటున్నట్టు అనిపించింది. సీసాలు ఎక్కువయ్యాయి మరి, అనుకున్నాడు. డబ్బాను మోపెడ్ ముందు నిలబెట్టి తండాకు బయలుదేరాడు.

యాభై దాటిన మనిషి. సన్నగా, కొంచెం వంగి, ఎవరి దారికో అడ్డం వచ్చినట్టు ఎప్పుడూ పక్కకు జరుగుతూ నడుస్తాడు. అన్న రామ్‌సింగ్ లాలిని పెళ్ళి చేసుకుని తెచ్చేనాటికి ఇతనికి పాలపళ్ళు ఊడలేదు. తల్లిలేని పిల్లవాణ్ణి ఆమె చంకనేసుకుంది. హాస్టల్లో చేర్పించింది ఆమే. పదో తరగతి తప్పితే, తన కాళ్ళ కడియాలు అమ్మి మళ్ళీ కట్టించింది కూడా ఆమే. రామ్‌సింగ్ పోయాడు, వెనకాలే రామ్‌చందర్ భార్యా పోయింది. అతను కొత్తూరు క్రాస్ రోడ్డులో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నా, పొద్దున్నే లాలి మొహం చూడకుండా పనిలోకి వెళ్ళడు.

ఆ లాలి ఇప్పుడు వసారాలో నులకమంచం మీద, దుప్పటి కింద ఎవరైనా ఉన్నారా అన్నంత చిక్కిపోయి ఉంది. కడుపులో గడ్డ అన్నారు దవాఖానాలో. ఈ వయసులో కోయలేమనీ, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైంది పెట్టమనీ చెప్పి పంపారు. ఆమెకు ఇష్టమైంది చెలిమ నీళ్ళు. ఇంటిముందు నల్లా ఉంది, నీళ్ళూ వస్తాయి. కానీ వాటికి బ్లీచింగ్ కంపనీ, వాటితో పప్పు ఉడకదనీ ఆమె మొదటినుంచీ అంటుంది. తండాలో ఇంకా ఇద్దరు ముగ్గురు ముసలమ్మలది కూడా అదే మాట. కొడుకు పోయాక అత్త దగ్గరే ఉండిపోయిన కోడలు భార్గవి అంగన్‌వాడీ పనికి పోవాలి, ఏటికి పోయే తీరిక లేదు. అందుకే ఆ నీళ్ళు మోసే పని మరిది తీసుకున్నాడు. ఉద్యోగం చేస్తున్నానని ఒళ్ళు దాచుకోలేదు. ఆ మాట నిజమే.

చెంబులో పోసి, తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించాడు. లాలి ఒక గుక్క మింగి, కళ్ళు మూసుకుని ఆగింది. మళ్ళీ తాగింది. అడుగుదాకా తాగింది.

"తియ్యగున్నయా వదినె?"

"ఆఁ" అంది లాలి. చెయ్యి చాపి అతని గడ్డం పట్టుకుని వదిలింది.

అతని ఉద్యోగం చెప్పుకోవడానికి చిన్నదే. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఇప్పలేటి పొడుగునా తిరిగి, మిరప, పత్తి రైతులకు మూడు ముక్కలు చెప్పాలి. మందుపంపులు ఏట్లో కడగొద్దు. ఖాళీ సీసాలు గట్టున పారెయ్యొద్దు. చేనుకూ ఏటికీ నడుమ కొంత గడ్డి వదలాలి. నల్లతామర పురుగు వచ్చినప్పటినుంచి మిరప మీద మందు మీద మందు కొట్టడమే. పంపు కడిగిన మడుగుల్లో చేపపిల్లలు తెల్లగా తేలేవి. ఇతను వెళ్ళి చెబితే రైతులు నవ్వేవాళ్ళు. ఏటి సారు అని పేరు పెట్టారు. ఏటి సారొస్తున్నాడు, ఏట్లో కాళ్ళు కూడా పెట్టకండ్రా అని కూలీలు మేలమాడేవాళ్ళు. రామ్‌చందర్‌కు వాదించడం రాదు. గట్టు మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగి, నిన్న చెప్పిందే మళ్ళీ చెప్పేవాడు. విసుగొచ్చి విన్నవాళ్ళు కొందరు, జాలిపడి విన్నవాళ్ళు కొందరు.

చివరికి కొత్తూరులో వెంకటరామారావు విన్నాడు. కృష్ణాజిల్లా నుంచి తాతల నాడు వచ్చి అడవి అంచున స్థిరపడ్డ కుటుంబం. ఆయన ఊఁ అంటే చుట్టుపక్కల రైతులంతా ఊఁ అంటారు. కిందటి వానలు వెనకబట్టాక, తన చేలో పంపులు కడిగే గుంత తవ్వుకోమన్నాడు. గుంతలో వరిగడ్డి, బొగ్గు, ఎరువు, మట్టి పొరలుగా నింపి, కడిగిన నీళ్ళు అందులో పోస్తే మందు బలం విరిగిపోతుందని శిక్షణలో చెప్పారు. అడుగున బంకమట్టి దట్టంగా మెత్తాలని కూడా చెప్పారు. అంతకుముందు ఇంకో చేలో రామ్‌చందర్ అలాగే చేస్తే, నీళ్ళు నిలిచి దోమలు లేచి రైతులు తిట్టారు. అందుకే ఈసారి చేను మూలన ఇసుకనేల చూపించాడు. బంకమట్టి పేరుకు పూయించాడు. పోసిన నీళ్ళు పోసినట్టే మాయం. బురద లేదు, దోమ లేదు. రైతులకు అది భలే నచ్చింది. అందరి పంపులూ అక్కడికే రావడం మొదలుపెట్టాయి. తను చెప్పిన మాట నలుగురూ వినడం రామ్‌చందర్‌కు జీవితంలో అదే మొదలు. ఆ గుంత పక్కన నిలబడితే అతని నడుము కాస్త నిటారుగా నిలిచేది.

ఆ వేళ గుంతను చూడటానికి హైదరాబాద్ నుంచి సంస్థ పెద్దలు వచ్చారు. వాళ్ళతో జ్యోత్స్న అని, నీటి పరీక్షలు చేసే అమ్మాయి వచ్చింది. వెంకటరామారావు స్వయంగా బకెట్టు ఎత్తి గుంతలో కుమ్మరించాడు. అందరూ చూస్తుండగానే నీళ్ళు పోయాయి. చప్పట్లు కొట్టారు. జ్యోత్స్న మాత్రం వంగి, గుంత అంచున ఇసుక చేతిలోకి తీసుకుని, వేళ్ళ మధ్య నుంచి జారనిచ్చింది.

"బాగా ఇంకుతున్నాయి. ఇంకి ఎటు పోతున్నాయండీ?" అని అడిగింది. ఆక్షేపణగా కాదు, తెలుసుకోవాలనే.

"భూమిలకు, మేడం."

దగ్గర్లో తాగే నీళ్ళు ఏమైనా ఉన్నాయా అని అడిగింది ఆమె.

"లేవు మేడం. తండా చెలిమ గుట్టకవతల ఉంటది. శాన దూరం" అంటూ చెయ్యి చాపాడు.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. బండి మీద అది దూరమే. చేలోంచి క్రాస్ రోడ్డుకు వచ్చి, గుట్టంతా చుట్టి, తండాలోంచి దిగాలి. కానీ చాపిన చెయ్యి రోడ్డు వైపు పోలేదు. ఎదురుగా తుమ్మపొదల వైపు పోయింది. వేలి చివర, పొదల కింద, తెల్లటి ఇసుక చార కనపడింది. చేను మూలనే మొదలై గుట్ట పక్కగా లోపలికి పోతోంది. పాయ అదే.

అతని చెయ్యి అలాగే ఉండిపోయింది. అంతలో ఎవరో వెనకనుంచి శాలువా కప్పారు. ఫోటో తీయాలి, ఇటు చూడమన్నారు. నోరు తెరవాల్సిన సమయం అదేనని అతనికి తెలుసు. తెరవలేదు. ఫోటోకు నిలబడ్డాడు. కాస్త నవ్వు కూడా నవ్వాడు.

కార్లు వెళ్ళిపోయాక పొదల్లోకి దూరాడు. ముళ్ళు శాలువాను పట్టుకుంటే తీసి చంకలో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు లాలి మేకల్ని తోలుకుని ఈ దారినే వచ్చేవాడు. కాళ్ళకు ఆ ఇసుక గుర్తుంది. బండెక్కినప్పటినుంచి మాత్రం ఏది దగ్గరో ఏది దూరమో రోడ్డు చెప్పిందే అతనికి లెక్క. చుట్ట కాల్చినంత సేపు పట్టలేదు, పొదలు తొలగిపోయాయి. ఎదురుగా చెలిమ. పక్కన పొద్దున తను గొంతుక్కూర్చున్న చోట తన చెప్పుల గుర్తులు చెదరకుండా ఉన్నాయి. బుర్ర అక్కడే ఉంది.

దూరంగా ఉన్న మడుగు దగ్గరికి పోయి, చర్మం మండేదాకా ఇసుకతో చేతులు తోముకున్నాడు. అయినా నమ్మకం లేక, చేతులు వెనక్కి పెట్టుకుని, పశువులా మోకాళ్ళ మీద వంగి చెలిమ మీద మొహం పెట్టాడు.

వాసన చేతులది కాదు.

చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఏటి పొడుగునా ప్రతి చేనుకూ పోయి నీతులు చెప్పిన నోరు ఇదే. ఈ పొద్దున కూడా లాలి తల కింద చెయ్యి పెట్టి తాగించిన చెయ్యి ఇదే. దీపం కిందే చీకటి అంటారు. ఇక్కడ చీకటితోపాటు విషం కూడా ఉంది. మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. ఎవరికీ తెలియదు. చెలిమ ఎండిపోయిందని చెప్పి ఇంకోచోట తవ్వితే సరిపోతుంది. తాగేది ఇద్దరు ముగ్గురు ముసలమ్మలే. గుంత గుంతలాగే ఉంటుంది, రైతుల నమ్మకం నమ్మకంలాగే ఉంటుంది, శాలువా కూడా ఉంటుంది. ఆ ఆలోచన తనకు వచ్చినందుకు, చేసిన తప్పుకంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

ముందు జ్యోత్స్నకు ఫోన్ చేశాడు. చెప్పింది విని ఆమె, ఎంత దూరం, ఎన్నాళ్ళనుంచి అని అడిగింది. రేపు వచ్చి నీళ్ళు పట్టుకెళతాననీ, పరీక్ష ఫలితం రావడానికి సమయం పడుతుందనీ, ఈలోగా ఎవరినీ తాగనివ్వొద్దనీ అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వెంకటరామారావు కల్లంలో ఎండుమిరప తిరగేయిస్తున్నాడు. విన్నంతసేపూ ఆయన మొహంలో నవ్వు పూర్తిగా పోలేదు, సగంలో ఆగిపోయింది.

"ఏంటయ్యా రామ్‌చందర్. పొద్దున శాలువా కప్పించుకున్నావు, మధ్యాహ్నానికి గుంత పూడ్చమంటున్నావు. ఏట్లో కడిగితే తప్పన్నావు. మానేశాం. ఇప్పుడు గుంతలో కడిగినా తప్పంటే ఎట్లా?"

"తప్పు గుంతది కాదు రావుగారు. జాగ తప్పు. ఆ జాగ సూపెట్టింది నేను."

"అది నాకు చెబితే నేను వింటాను. మిగతా వాళ్ళు వింటారా? రేపటినుంచి నీ మాట ఎవరు నమ్ముతారు?"

 రామ్‌చందర్ తల వంచుకుని నిలబడ్డాడు. చివరికి రావుగారే, కూలీలంతా కోతలో ఉన్నారనీ, పూడ్చుకుంటే పూడ్చుకోమనీ చెప్పి పార చూపించాడు. పూడిస్తే సరిపోదు, లోపలి తడి గడ్డీ బొగ్గూ తీసి వేరేచోట గట్టినేల మీద పరవాలి. అదంతా అయ్యేసరికి పొద్దు వాలింది. అరచేతులు బొబ్బలెక్కాయి. గుంత మీద తుమ్మకంప లాగి పెట్టాడు.

మాట గాలికంటే ముందే పోయింది. తిరిగి ఏట్లోకి దిగేసరికి, మడుగు ఒడ్డున ఒక రైతు నీళ్ళు నింపిన డ్రమ్ము దించి, పంపు నీళ్ళలో ముంచబోతున్నాడు. రామ్‌చందర్‌ను చూసి, మీ గుంత మూతబడిందట కదా సారూ అన్నాడు. వెటకారమేమీ లేదు. రామ్‌చందర్ నోరు తెరిచాడు. అన్నేళ్ళుగా చెప్పిన మాటే, నాలుక చివరే ఉంది. చెప్పే మొహం లేదు. వెళ్ళి డ్రమ్ము ఒక చెవి పట్టుకుని, గట్టు మీదికి ఎత్తడానికి ఎదురుచూస్తూ నిలబడ్డాడు. రైతు అతని బొబ్బల చేతిని చూశాడు. తటపటాయిస్తూనే రెండో చెవి పట్టుకున్నాడు. పంపు అక్కడే కడిగేలా ఇద్దరూ దాన్ని ఏటికి దూరంగా, నీళ్ళు తొందరగా ఇంకని రేగడి చేను దాకా మోసుకుపోయారు. 

ఆ తరవాత చెలిమను ఇసుకతో పూడ్చాడు. ఒక కర్ర విరిచి పాతాడు. బుర్రలో మిగిలిన నీటిని ఒంపేసి దాని మీద బోర్లించాడు.

లాలి మెలకువగానే ఉంది. భార్గవి దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది. రామ్‌చందర్ మంచం కోడు పక్కన నేలమీద కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఎప్పుడూ లంబాడీలోనే. కానీ ఈ సంగతి ఆ మాటల్లో నోటికి రాలేదు. ఉద్యోగపు తెలుగులోనే చెప్పాడు, గుంత సంగతి, పాయ సంగతి, మందు సంగతి. చెప్పినంతసేపూ ఆమె పాదాల వైపు చూశాడు.

లాలి కూడా తెలుగులోనే జవాబిచ్చింది.

"కొన్ని దినాల సంది చేదుగనే ఉన్నయ్."

"మరి చెప్పకపోతివేంది, వదినె?"

"నువ్వు మోసుకొచ్చిన నీళ్ళకు వంకెట్ల పెడతర్రా."

రామ్‌చందర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ చేతుల వాసన తగిలి మళ్ళీ తీసేశాడు. ఎవరూ అంతగా తిట్టలేరు అతన్ని. రావుగారు అన్నదానికి తల వంచుకుంటే సరిపోయింది. దీనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బుర్రేది?" అని అడిగింది లాలి.

బోర్లించి వచ్చానన్నాడు.

"మంచిగ చేసినవ్. వానలు పడి ఏరొచ్చినంక మళ్ళ తిరగెయ్యి. మర్వకు." ఆగి, ఊపిరి తీసుకుని, "నల్లా నీళ్ళన్న తే. గొంతు ఆరుతుంది" అంది.

చెంబు తీసుకుని వాకిట్లో నల్లా దగ్గరికి వెళ్ళాడు. చెంబును మూడుసార్లు తోమాడు, చేతులు కడిగాడు, మళ్ళీ తోమాడు. అంత ఆలస్యం చేయకపోతే ఏమయ్యేదో చెప్పలేం. నింపుకుని వచ్చేసరికి భార్గవి మంచం మీద కూర్చుని అత్త గుండెల మీద చెయ్యి పెట్టి ఉంది. వసారాలో ఏ మార్పూ లేదు. దీపం వెలుగుతోంది. లాలి మొహం అటు తిరిగి ఉంది.

చివరి నీళ్ళు నువ్వే పొయ్యాలి, కొడుకు లెక్క పెరిగినోడివి అన్నారు చేరినవాళ్ళు. రామ్‌చందర్ చెంబు పట్టుకుని వంగాడు. ఆమె పెదవుల దాకా తీసుకెళ్ళిన చెయ్యి అక్కడ ఆగిపోయింది. చెంబును భార్గవి చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. గడ్డ వల్లే పోయిందని అందరూ అన్నారు. దవాఖానా వాళ్ళు చెప్పిందీ అదే. కావచ్చు. ఆ నీళ్ళ వాటా అందులో ఎంతో అతనికి ఎవరూ చెప్పలేరు, బతికున్నన్నాళ్ళూ ఎవరినీ అడగలేడు కూడా.

తెల్లారాక ఆమెను ఏటి మీదుగానే తీసుకెళ్ళారు. పాయమూతి దగ్గరకు రాగానే మోసేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే పక్కకు తప్పుకుని నడిచారు. వెనకాల రామ్‌చందర్ ఒక్కడే తల తిప్పి చూశాడు. పూడ్చిన ఇసుక మీద, వంకర కర్ర చివర, మంచుకు తడిసిన లాలి సొరబుర్ర నోరు కిందికి పెట్టి ఉంది.